ఊపిరి మంత్రం

దోనె ముక్కు మెరకకు తగిలి ఆగిన చోటనే కిందటి వారం మనమూ ఆగాము. ఆ దోనెలో, తుంగచాప కింద, మరియమ్మ ఉన్నది.

చక్రవర్తిగారి జూబిలీ సంవత్సరపు శ్రావణంలో బుడమేరూ తమ్మిలేరూ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే కొల్లేటి మీద పడ్డాయి. తుంగలంకలో ఇళ్ళు చూరులదాకా మునిగాయి. జనమంతా మిషను బడి అరుగుల మీదా, తాటిదోనెల్లోనూ కాపురముంటున్న ఆ రోజుల్లో, లంకకంతకూ మంత్రసాని అయిన మరియమ్మ తెల్లవారుతుండగా కన్నుమూసింది. తనను కొడుకు పక్కన పెట్టాలని కోడలు సువార్తమ్మ చేత మాట తీసుకుని మరీ పోయింది. సమాధానం అనే పేరుగల ఆ కొడుకు కిందటేడాది నుంచి ఈ మెరక మీదనే మట్టి కింద ఉన్నాడు. కనుచూపు మేరలో వరద ముట్టని నేల ఇదొక్కటే. నీళ్ళు ఇలాగే పొంగితే సాయంత్రానికి ఇదైనా మిగులుతుందని ఎవరూ చెప్పలేకుండా ఉన్నారు.

మెరకకు ఒక గేటున్నది. గేటుకు అడ్డంగా, గొడుగు పట్టుకుని, మునక సంఘం పాదిరి రెవరెండ్ లాజరు అయ్యగారు నిలబడి ఉన్నారు.

మునక సంఘమన్నది ఆ మిషనుకు దొరలు పెట్టిన పేరు కాదు. దొరల పేర్లకు నోరు తిరగక లంకజనం తమకు అర్థమైన పేర్లు తామే పెట్టుకున్నారు. మనిషి పెద్దయి, బుద్ధి తెలిసి, నిలువునా నీళ్ళలో మునిగి లేస్తేనే అది బాప్తిస్మమనేది మునక సంఘం. పసిబిడ్డ నెత్తిన చారెడు నీళ్ళు చల్లినా చాలుననేది చిలకరింపు సంఘం. దేవుడు ఒకడే, గ్రంథం ఒకటే, పాడుకునే కీర్తనలు కూడా చాలావరకు అవే. తేడా నీళ్ళ కొలతలో ఉన్నది. ఆ కొలత మీద ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా అన్నదమ్ములు వేరుపడ్డారు, కుదిరిన సంబంధాలు తప్పిపోయాయి. ఈ సంఘంలో ఒక పేటవారే, ఆ సంఘంలో ఇంకొక పేటవారే ఎందుకు చేరారో మాత్రం గ్రంథంలో ఎక్కడా వ్రాసి లేదు. దానిని గురించి ఎవరూ ప్రసంగించనూ లేదు.

మరియమ్మ తాడేపల్లిగూడెం పక్క పిల్ల. తల్లి ఒడిలో ఉండగానే చిలకరింపు సంఘంలో నీళ్ళు పోయించుకుని, పెళ్ళయి ఈ లంకకు వచ్చింది. బతికినంత కాలం ఆదివారం మునక సంఘం గుడిలోనే కూర్చున్నది, కానీ మునగలేదు.

"సువార్తమ్మా, నా మనసు మీకు తెలియనిది కాదు," అన్నారు అయ్యగారు. ఆయన గొంతులో కోపం లేదు. అదే సువార్తమ్మకు ఎక్కువ కష్టం కలిగించింది. "ఇది నా సొంత దొడ్డి అయితే నేనే పార పట్టేవాణ్ణి. సంఘం కట్టడి ఇది. మునిగి సాక్ష్యమిచ్చినవారికే ఈ మెరక. ఇవాళ ఒకరికి సడలిస్తే రేపు ఎవరికి కాదనగలను? అవతలి మిషను వాళ్ళు మన కుటుంబాలను ఎలా లాక్కుపోయారో మీరు చూశారు."

"మరి మా అత్తయ్యను ఎక్కడ పెట్టమంటారండీ?"

"గూడెం దగ్గర వాళ్ళ సంఘానికి సమాధుల తోట ఉన్నది కదా."

దోనెలో గెడ పట్టుకుని నిలబడ్డ పెద్దింటయ్య ఫక్కున నవ్వాడు. అతడు లంకలోని వేట కుటుంబాలకు పెద్ద; ఈ రెండు సంఘాలకూ దూరంగా, కొల్లేటి తల్లి పెద్దింటమ్మకు మొక్కుకుని బతికే మనిషి. పొద్దున నోరు తెరిచి అడగకముందే దోనె తెచ్చి నిలబెట్టింది అతడే.

"గూడేనికా అండీ, ఈ నీళ్ళలో? లాకులన్నీ దించేశారు, కాలవ గట్లు ఎక్కడున్నాయో కాలవకే తెలీదు. మేం చేరేసరికి ఈవిడతో పాటు మమ్మల్నీ పూడ్చాలండి. మాకు ఏ తోటో అది కూడా ఇప్పుడే సెలవిచ్చేయండి, మళ్ళీ గేటు దగ్గర తగువెందుకు!"

అతడి వెనక ఒడ్డున పార భుజాన వేసుకుని నిలుచున్న రెండో కొడుకు సోమరాజు నవ్వు ఆపుకున్నాడు. ఇరవయ్యేళ్ళవాడు. గొయ్యి తవ్వటానికి రమ్మని వాడిని ఎవరూ పిలవలేదు. మరియమ్మకు వాడంటే ప్రాణం. "తోమా, ఒరే తోమా" అంటూ గట్టు మీద నుంచి కేకేసేది. పళ్ళూడిన నోటికి 'స' పలకటం లేదని లంకంతా నవ్వేది. "తోమాను వచ్చానే మామ్మా, అంట్లేవైనా ఉన్నాయా?" అని వాడూ వెక్కిరిస్తూనే పలికేవాడు.

సువార్తమ్మ నవ్వలేదు. గేటు పక్కన పాతిన రాతి వైపు చెయ్యి చూపించింది.

"ఆ రాతి మీద ఏముందో చదవండి, అయ్యగారూ."

"అదేమిటమ్మా..."

"మీరు చదవరు కనక నేనే చదువుతాను. ఒకటో తరగతి పిల్లలకు గుణింతాలు ఈ రాతి దగ్గరే నేర్పాను. 'క్రైస్తవుల సమాధి తోట' అని ఉంది. 'మునక సంఘ సభ్యుల తోట' అని లేదు. చెక్కించిన వారు తెలియక చెక్కించారంటారా?" ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "కాబట్టి ఒక్క మాట చెప్పండి. మా అత్తయ్య క్రైస్తవురాలా, కాదా?"

"సంఘ సభ్యురాలు కాదు."

"నేను అడిగింది అది కాదండి."

అయ్యగారు గొడుగును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. ప్రశ్న చిన్నది; అవుననో కాదనో రెండే జవాబులు. ఇన్నేళ్ళుగా ఎంతటి వాక్యానికైనా భాష్యం చెప్పిన మనిషికి ఆ రెంటిలో ఒకటి ఎంచుకోవటం కష్టమైపోయింది. అవునంటే గేటు తీయాలి. కాదంటే, తాను బుద్ధెరిగిన నాటి నుంచి ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మను ఆమె శవం ముందే వెలివేయాలి.

ఆ ఇరకాటంలో నుంచి ఆయనను తప్పించటానికి సంఘపెద్ద ఇశ్రాయేలు తాత ముందుకు వచ్చాడు. మరియమ్మ ఈడువాడే. చేతికర్ర బురదలో ఊనుకుంటూ, అందరి మంచీ కోరే మనిషి తాలూకు నవ్వుముఖంతో అన్నాడు:

"ఇంత దానికి తగువేంటి తల్లీ? అయ్యగారి మాటా పోకూడదు, నీ మాటా పోకూడదు. అంతే కదా? నేనొక దారి చెబుతాను. మరియమ్మని చాపతో సహా పట్టుకుని, ఇదిగో ఇక్కడే, ఒక్కసారి నీళ్ళలో ముంచి పైకి తీద్దాం. అయ్యగారు పైన నాలుగు మాటలు చెబుతారు. మునక అయిపోయె! ఇంక అడ్డేముంది? గేటు తీసెయ్యొచ్చు."

ఆ మాటతో ఒడ్డున ఉన్నవాళ్ళందరి ఊపిరీ ఒక్కసారి తేలికయింది. నీళ్ళ మధ్య బతికేవాళ్ళకు అంతకంటే సులువైన మందు ఏముంటుంది? పెద్దింటయ్య అప్పుడే గెడ వాలుగా పట్టుకున్నాడు.

"దించక్కరలేదండి. దోనె ఈ పక్కకి కాస్త ఒరిగిస్తే నీళ్ళే పైకొస్తాయి. ఎత్తుకునే శ్రమ కూడా ఉండదు."

అయ్యగారు కాదనలేదు. అలాంటి మునక చెల్లుతుందని ఏ వేదాంత కళాశాలలోనూ ఆయనకు చెప్పి ఉండరు. అయినా ఆయన కళ్ళలో చిన్న ఆశ మెదిలింది. దొరికిన సందులోంచి బయటపడాలన్న ఆశ అది. దానికి శాస్త్రంతో నిమిత్తం లేదు.

సువార్తమ్మ తెల్లవారుజాము నుంచి కూర్చోలేదు. వాన మళ్ళీ మొదలైంది. అవునంటే ఒక్క నిమిషంలో పని తెమిలిపోతుంది. శవానికి చలి లేదు, తడి లేదు, అవమానం తెలియదు. తెలిసేది బతికున్నవాళ్ళకే. ఆ బతికున్నవాళ్ళలో తానొకతె. ఆమె కళ్ళ ముందు తన పెళ్ళినాటి మరియమ్మ నిలిచింది. ఆ రోజు కూడా అప్పటి పాదిరి ఇదే అడిగారు: పెళ్ళికొడుకు తల్లివి, నువ్వు కూడా మునిగితే బాగుంటుంది కదా అని. మరియమ్మ కొత్త చీర కొంగు దోపుకుంటూ చెప్పిన జవాబు పందిరి అంతా విన్నది. "ఒకసారి పిలిచాడండి, పలికాను. వినపడిందో లేదోనని మళ్ళీ మళ్ళీ పలకటానికి, ఆయనేమన్నా చెవిటివాడా?"

"వద్దండి," అన్నది సువార్తమ్మ.

"ఏమిటి తల్లీ?"

"వద్దు తాతగారూ. మీరు మంచికే అన్నారు. కానీ బతికి ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఒప్పుకోనిది, ఎదురు చెప్పటానికి నోరు లేని వేళ చూసి చేస్తామా? ఆవిడని ఒక్క చుక్క తగలనివ్వను. పెద్దింటయ్యగారూ, గెడ నిలువుగా పట్టుకోండి."

పెద్దింటయ్య పట్టుకున్నాడు. ఎందుకో గాని, ఆ గొంతు విన్న తరువాత వేరే విధంగా పట్టుకోవటం అతడికి సాధ్యం కాలేదు.

ఆమె వంగి తుంగచాపను మరియమ్మ ముఖం మీద నుంచి పక్కకు తీసింది. చినుకులు పడకుండా తన కొంగు అడ్డంగా పట్టింది.

"ఇప్పుడు చెప్పండి, అయ్యగారూ. క్రైస్తవురాలు కాదనుకుంటే కాదని చెప్పండి. నాకు కాదు. ఈ ముఖం చూసి చెప్పండి."

"నన్ను బలవంతపెడుతున్నారు మీరు."

"అవునండి."

 లాజరు అయ్యగారు, దిగువకు చూడకుండా, గేటు ఇనుప చువ్వల వైపు చూస్తూ అన్నారు:

"అయితే వినండి. కాదు. మా సంఘం బోధ ప్రకారం ఆమె క్రైస్తవురాలు కాదు."

ఆ మాటకు మొదట ఎదురు తిరిగినది సువార్తమ్మ కాదు. దోనె చివర, శవం పాదాల దగ్గర ఇంతసేపూ కిమ్మనకుండా కూర్చున్న పెద్దింటయ్య భార్య వెంకటనరసమ్మ, తడిసిన జుట్టు ముడి వేసుకుంటూ లేచింది.

"అదేంటండీ అలాగంటారు? ఈవిడ మీ దేవుడి మనిషి కాకపోతే, ఊపిరి మంత్రం ఈవిడికి ఎక్కడిదండీ?"

"ఏ మంత్రం?"

"ఊపిరి మంత్రమండీ! మీకు తెలీదూ? ఆడవాళ్ళ సంగతి, మీకెలా తెలుస్తుందిలెండి." ఆమె చేతులు గాలిలో ఒక పసిగుడ్డును పట్టుకున్నట్టు వంకర తిరిగాయి. "బిడ్డ ఏడవకుండా, నల్లగా పుట్టిందనుకోండి. మరియమ్మక్క దోసిట్లో నీళ్ళు తీసుకుని నెత్తిన చల్లేది. ఒకసారి, ఇంకోసారి, ఇంకోసారి. చల్లేటప్పుడల్లా చదివేది. 'తండ్రీకుమారా పరసుద్దాతుమా నామానా ఆమేనా.' చదివి చెవిలో ఏదో చెప్పేది. చెప్పటం తడవు, కెవ్వుమనేవాడు! నా రెండోవాడికీ అలాగే. ఆవిడికి చూపు తగ్గాక మేమే చదువుకుంటున్నామండి. ముందు మా పెద్దింటమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, తరవాత ఇది చదువుతాం. కైకలూరు దాకా మా వాళ్ళందరికీ నోటికొచ్చు. ఇది మీ దేవుడిది కాదా అండీ?"

ఇశ్రాయేలు తాత చేతికర్ర బురదలో మరింత లోపలికి దిగింది. పెద్దింటయ్య మాత్రం ఆడవాళ్ళ ముచ్చట అనుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు.

ఊపిరి తీయని పసిబిడ్డ మీద చన్నీళ్ళు పడితే ఉలికిపడి శ్వాస పీల్చటం శరీరధర్మం. దానికి ఏ మంత్రమూ అక్కరలేదు. కొల్లేటి నీళ్ళకు ఆ శక్తి క్రీస్తు పుట్టకముందు నుంచీ ఉన్నది. అయితే చిలకరింపు సంఘంలో ఒక నియమముంది: బిడ్డ ప్రాణాపాయంలో ఉండి పాదిరి అందుబాటులో లేనప్పుడు, విశ్వాసి ఎవరైనా సరే నీళ్ళు చల్లి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల త్రియేక నామం చెప్పి, పేరు పెట్టి బాప్తిస్మమియ్యవచ్చు. చదువురాని మరియమ్మ ఆ నియమాన్ని చిన్నతనంలో విన్నది. విన్నది విన్నట్టుగా జీవితమంతా పాటించింది. బిడ్డ ఏ ఇంటి బిడ్డ అయి ఉండాలో ఆ నియమంలో చెప్పినట్టు ఆమెకు గుర్తులేదు. అడగటానికి ఆ వేళకు సమయమూ ఉండేది కాదు. ఆమె చేతిలో నల్లబడి పుట్టిన బిడ్డల తల్లులు అది మంత్రసాని విద్యలో భాగమనుకున్నారు. ఇన్నేళ్ళుగా తుంగలంకలో పెద్దింటమ్మకు మొక్కే తల్లులు క్రైస్తవ బాప్తిస్మ వాక్యం చదువుతూ బిడ్డలను ఈ లోకంలోకి ఆహ్వానిస్తున్నారు. చదువుతున్నది ఏమిటో వారికి తెలియదు.

సువార్తమ్మకు తెలిసింది. దానితో పాటు మరొకటి తెలిసింది. పొద్దుగూకే వేళ అత్తగారు ప్రార్థనలో చదివే పేర్ల వరుస. రూతు, యోనా, ఎస్తేరు, మీకా... ఎవరు అత్తయ్యా వీళ్ళంతా అని అడిగితే, నా పిల్లలే అనేది. గూడెం వైపు చుట్టాల పిల్లలనుకున్నది తాను.

"అది అజ్ఞానం," అంటున్నారు అయ్యగారు. ఆయన ముఖం పాలిపోయింది. "పసివాళ్ళకు బాప్తిస్మమేమిటి? విశ్వాసం లేదు, ఒప్పుకోలు లేదు. అది చెల్లదు. అవి ఉత్త నీళ్ళు."

"ఉత్త నీళ్ళని మీరు మాత్రం అనకండి, అయ్యగారూ," అన్నాడు ఇశ్రాయేలు తాత.

ఆ గొంతులో ఇందాకటి నవ్వు లేదు.

"ఏమన్నారు?"

"మీ నాన్న ఈ లంకలో ఉపదేశిగా ఉన్న రోజుల్లో మీరు పుట్టారు. మీరు పుట్టిన ఇంటి అరుగు మీద ఆయనా నేనూ కూర్చున్నాం. లోపల్నుంచి ఏడుపు లేదు. మీ అమ్మ ఏడుపే వినపడింది. బిడ్డ పోయాడని ఆయన తలపాగా తీసి కింద పెట్టేశాడు. అప్పుడు మరియమ్మ గొంతు... ఇదిగో, ఈ నరసమ్మ ఇప్పుడు చదివిన మాటలే. తరవాత మీరు ఏడ్చారు. బయటికి తెచ్చి మీ నాన్న చేతుల్లో పెట్టి, 'ఇదిగోనండీ మీ లాజరు, సమాధిలోంచి లేచి వచ్చాడు' అంది. ఆ పేరు ఆవిడ పెట్టింది. మీ నాన్న మునక సంఘం ఉపదేశి. పసిపిల్లాడికి నీళ్ళు పోసిన సంగతి బయటికి పొక్కితే కొలువు పోతుందని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయాడు. మరియమ్మా పోయింది. ఇంక ఈ ఒట్టు ఎవరి కోసమండీ?"

పాదిరిగారి గొడుగు మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. వాన ఆయన తెల్లకోటు భుజం మీద పడుతున్నది; ఆయనకు తెలియటం లేదు. మృతులలో నుంచి లేచిన లాజరు కథ ఆయన ప్రసంగాలన్నిటిలోకీ పేరు పొందినది. ఏలూరులో సైతం దాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని వినేవారు. ఆ పేరు తనకు తల్లిదండ్రులు భక్తితో పెట్టుకున్నారని ప్రతిసారీ మొదట చెప్పుకునేవారు.

"ఒక్క మాటండీ," అన్నది సువార్తమ్మ. ఆమె గొంతు పెంచలేదు. "మీరు పెద్దయ్యాక మునిగారు, నిజమే. కానీ ఆ మునకలో మీకు కొత్త పేరు పెట్టలేదు. ఇప్పటికీ అదే పేరుతో ప్రార్థిస్తున్నారు, అదే పేరుతో మాకు పెళ్ళిళ్ళు చేస్తున్నారు. ఆ నీళ్ళు చెల్లకపోతే, ఆ పేరు ఎలా చెల్లిందండీ?"

జవాబు లేని మనిషికి అధికారం గుర్తుకు రావటం లోకంలో కొత్త కాదు. అయ్యగారు గొడుగు నిటారుగా ఎత్తారు.

"మీరు మిషను బడిలో పంతులమ్మగా ఉన్నారని మరిచిపోతున్నారు. నా అనుమతి లేకుండా ఈ గేటు దాటితే, రేపు ఆ బడిలో మీకు చోటుండదు. మిషను ఇంట్లోనూ ఉండదు. ఆలోచించుకుని అడుగు వేయండి."

సువార్తమ్మ ఆలోచించుకున్నట్టే కనిపించింది. నడుముకు దోపుకున్న బడి తాళంచెవిని బయటికి తీసింది. చీర చెంగుతో దాని తడి తుడిచింది. గేటు పక్క రాతి మీద, 'క్రైస్తవుల' అన్న మాటకు సరిగ్గా పైన, ఉంచింది.

"బడి అరుగు మీద పిల్లతల్లులున్నారు. వరద తగ్గేదాకా వాళ్ళని లేపకండి. అంతకంటే నేను మిమ్మల్ని అడిగేది ఏమీ లేదు," అని, పాదిరిగారి పక్క నుంచి చెయ్యి చాపి గేటు తోసింది.

ఆయన అడ్డం తొలగలేదు. అడ్డం నిలవనూ లేదు. గేటు ఆయన మోచేతిని రాసుకుంటూ తెరుచుకున్నది. సువార్తమ్మ లోపలికి నడిచింది. వెనక సోమరాజు పార దించి, పాదిరిగారి ముందు తల కాస్త వంచి, "తప్పుకోండయ్యా, తగుల్తుంది," అని లోపలికి వెళ్ళాడు. ఇశ్రాయేలు తాత కర్ర ఊనుకుంటూ వెళ్ళాడు. సమాధానం గోరీకి ఎడమ పక్కన సువార్తమ్మ మడమతో గీత గీసింది. సోమరాజు మొదటి పార వేశాడు. నల్లటి మట్టి మెత్తగా, సులువుగా లేచి వచ్చింది.

"ఆగండి!"

ఆ కేక పాదిరిగారిది కాదు.

పెద్దింటయ్య దోనెలో నిలబడి ఉన్నాడు. ఆకాశం వైపు చూడటం మానేసి చాలాసేపయింది. ఆడవాళ్ళ ముచ్చటగా విన్న మాటలను ఇప్పుడు ఒక్కొక్కటే తిరగేసి చూసుకుంటున్న మనిషిలా ఉన్నాడు. గెడ ఒడ్డుకు ఆనించి ఒక్క తోపు తోశాడు. మరియమ్మను మోస్తున్న దోనె మెరకను వదిలి వెనక్కి జరిగింది.

"ఏవండీ, ఏం చేస్తున్నారు?" అన్నది వెంకటనరసమ్మ తూలి కూర్చుంటూ.

"నువ్వూరుకో. ఇందాక ఏమన్నావు? నీ రెండోవాడికీ అలాగే చేసిందన్నావు కదా?" అతడు ఒడ్డు వైపు తిరిగాడు. "పంతులమ్మగారూ, మీ అత్తగారంటే నాకు తల్లి లాంటిది. ఆ మాట ఇప్పటికీ అదే. కానీ ఈ సంగతి తేలేదాకా శవం దిగదండి. అయ్యగారూ! ఆ నీళ్ళు చెల్లవని మీరే అన్నారు. మళ్ళీ అనండి. గట్టిగా, కలిదిండి దాకా వినపడేట్టు అనండి. కార్తీకంలో మా సోమరాజుకి అక్కడ పెళ్ళి. వాడి నెత్తిన మీ దేవుడి నీళ్ళు పడ్డాయని మా కులపెద్దలకి తెలిస్తే పిల్లనిస్తారా? నా ఇంట్లో మంచినీళ్ళు ముడతారా? చెల్లవని చెప్పేయండి, నా కొడుకు నాకు మిగుల్తాడు."

సువార్తమ్మ గీసిన గీత మీదనే నిలబడిపోయింది. తాను ఇప్పటిదాకా ఒక్కొక్క ఇటుకే పేర్చి కట్టిన వాదం ఇది: ఆ నీళ్ళు చెల్లుతాయి, ఆ నీళ్ళు పొందినవారు, ఇచ్చినవారు క్రైస్తవులే. చెల్లుతాయని పాదిరి ఒప్పుకుంటే అత్తగారికి ఈ నేలలో చోటు దొరుకుతుంది. అత్తగారు మాత్రం నీళ్ళ మీద దూరమైపోతుంది. చెల్లవంటే దోనె తిరిగి వస్తుంది, గేటు మూసుకుంటుంది. ఇద్దరూ ఒకే నోటి వైపు చూస్తున్నారు. ఒకరికి కావలసిన జవాబు ఇంకొకరిని ముంచుతుంది.

లాజరు అయ్యగారు దోనె వైపు ఒకసారి, తవ్విన మట్టి వైపు ఒకసారి చూశారు.

"ఆయన్నడుగుతారేంటి నాన్నా?"

సోమరాజు పార నేలలో దిగవేసి, దాని పిడి మీద చెయ్యి ఆనించి నిలుచున్నాడు.

"నేను ఎవరో ఆయన చెబుతాడా? కలిదిండి వాళ్ళు చెబుతారా? నీళ్ళు పడింది నా నెత్తిన. నన్నెవరూ అడగరేం?"

"నోర్మూసుకుని బయటికి రా!"

వాడు కదలలేదు. సువార్తమ్మ వైపు తిరిగాడు. వాడి ముఖంలో ఎన్నడూ లేని ఒక గట్టిదనం వచ్చింది.

"చెవిలో చెప్పేది పేరేనేమో కదండీ, పంతులమ్మగారూ. నాకేం పేరు పెట్టింది?"

 రూతు, యోనా, ఎస్తేరు, మీకా. ఆ వరుసలో తరువాతి పేరు, క్రీస్తు శిష్యుల్లో ఒకరిది, సువార్తమ్మ నాలుక చివరన ఉన్నది. దానితో పాటే, ఇన్నాళ్ళు విని కూడా వినని సంగతి ఒకటి చెవిలో మోగింది. మరియమ్మ కొడుకును సమాధానమనే పిలిచింది. కోడలిని సువార్తా అనే పిలిచింది. ఆఖరి పన్ను ఊడిన తరువాత కూడా, ఈ తెల్లవారుజామున కూడా, స్పష్టంగా, 'స' ఎక్కడా తడబడకుండా.

ఆమె ముఖాన్ని వాడు చదివాడు. నీళ్ళ మీద మెల్లగా దూరమవుతున్న దోనె వైపు, అందులో ముఖం మీద చాప లేకుండా, వెంకటనరసమ్మ కొంగు చాటున పడుకున్న ముసలమ్మ వైపు చూశాడు.

"అయితే," అన్నాడు సోమరాజు, "తోమా అన్నది పళ్ళు లేక కాదన్నమాట."